మావయ్య జీడిపప్పు కొట్టుకి యాప్ కావాలా, సైట్ చాలదా

మా మావయ్యకి కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టు ఉంది. పలాస జీడిపప్పు గురించి మన జిల్లావాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. రెండేళ్ల కిందట ఆయన కొట్టుకి ఒక యాప్ చేయించాడు. నేను శ్రీకాకుళంలో కూర్చుని చేసేది ఈ వెబ్‌సైట్ల పనే అయినా నన్ను అడగలేదు, మేనల్లుడికి డబ్బులిచ్చి పని చేయించుకోడం ఆయనకి మొహమాటం, ఊరికే చేయించుకోడం ఇంకా మొహమాటం. ఎవరో కంపెనీవాళ్లు వచ్చి పెద్ద పెద్ద బ్రాండ్లన్నిటికీ యాప్ ఉంది సార్, మీదీ బ్రాండే కదా అన్నారట, లక్షా ఎనభై వేలు ఇచ్చాడు. కేజీ కేజీ మీద మిగిలే డబ్బులు ఎంతో నాకు తెలుసు కాబట్టి ఆ అంకె విన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు.

సంక్రాంతికి రెండు వారాల ముందు ఫోన్ చేశాడు. "ఒరే, ఆ యాప్‌కి ఏదో ఇంగ్లీష్‌లో మెయిల్ వచ్చిందిరా, బేగి వచ్చి చూడు" అని. ప్లే స్టోర్ నుంచి వచ్చిన మెయిల్ అది. మీ యాప్ పాత ఆండ్రాయిడ్‌కి చేసినది, ఫలానా తేదీలోపు కొత్త లెవెల్‌కి మార్చకపోతే కొత్త ఫోన్లు కొన్నవాళ్లకి స్టోర్‌లో కనపడదు అని. ఇది ఏటేటా ఉండే తంతే, గూగుల్ ప్రతి ఏడాదీ ఆ లెవెల్ పెంచుతూనే ఉంటుంది. చేసిచ్చిన కంపెనీని అడిగితే మళ్లీ నలభై వేలు అన్నారు. మావయ్య అనుకున్నది ఏంటంటే యాప్ అంటే బోర్డు లాంటిది, ఒకసారి రాయించి కొట్టు మీద బిగిస్తే అయిపోయినట్టే అని. అది బోర్డు కాదు, కాటా లాంటిది, ఏటా ముద్ర వేయించుకోవాల్సిందే. ఆ ముక్క డబ్బులు తీసుకునేముందు ఆయనకి ఎవరూ చెప్పలేదు, నాకు కోపం వచ్చింది అక్కడే.

ఆదివారం పొద్దున్నే వెళ్లి రోజంతా కౌంటర్ దగ్గరే కూర్చున్నాను. పదకొండు దాటాక హైవే మీద నుంచి ఒక కారు దిగింది. బరంపురం నుంచి అన్నవరం వెళ్తున్నారట, ఒక పెద్దావిడ, వాళ్ల కోడలు లోపలికి వచ్చారు, కొడుకు కార్లోనే ఉన్నాడు. పెద్దావిడ ఒక పప్పు తీసి పళ్ల మధ్య పెట్టి కొరికి చూసి, బాగుంది అని రెండు కేజీలు తూయించుకుంది. మావయ్య కౌంటర్ మీద అంటించిన క్యూఆర్ స్టిక్కర్ చూపించి "ఇది స్కాన్ చేసి యాప్ వేసుకోండమ్మా, ఇంటికే పంపిస్తాం, మొదటి ఆర్డర్‌కి వంద రూపాయలు తగ్గింపు" అన్నాడు. కోడలు వెంటనే ఫోన్ తీసింది, ఇష్టంగానే తీసింది. స్కాన్ అయింది, ప్లే స్టోర్ తెరుచుకుంది, ఇన్‌స్టాల్ నొక్కింది, ఇంక ఆ గుండ్రటి గీత తిరుగుతూనే ఉంది, ఎందుకంటే ఆ ఫోన్లో ముందే బోలెడన్ని యాప్‌లు అప్‌డేట్ కోసం లైన్లో ఉన్నాయి. అవన్నీ ఆపి మళ్లీ నొక్కితే ఈసారి స్టోరేజ్ చాలదు అంది. ఆవిడ గ్యాలరీ తెరిచి పెద్ద వీడియోలు వెతికింది, పైనే ఉంది ఒకటి, పసుపు పంచె కట్టుకుని తలకి నెమలి పింఛం పెట్టుకున్న చిన్న కుర్రాడు స్కూల్ స్టేజీ మీద నిలబడి ఉన్నాడు. ఆవిడ వేలు ఆ వీడియో మీద పెట్టి అలాగే ఆగిపోయింది. నేను కౌంటర్ ఇవతల్నుంచి ఆ వేలినే చూస్తున్నాను. ఈలోపు బయట హారన్ కొట్టాడు కొడుకు. "మీ నంబర్ ఇచ్చెయ్యండి, కావల్సినప్పుడు వాట్సాప్ చేస్తాను" అని చెప్పి వెళ్లిపోయింది.

ఏడాదికి రెండు మూడుసార్లు కొనే జీడిపప్పు కోసం, కన్నకొడుకు కృష్ణుడి వేషం వీడియో తీసెయ్యమని మనం అడుగుతున్నాం. ఆ సంగతి మావయ్యకి ఎలా చెప్పాలా అని రాత్రి బస్సులో వస్తూ ఆలోచించాను, ఈ పోస్ట్ అక్కడ మొదలైంది.

నిజానికి ఈ తప్పు చిన్న కొట్లవాళ్లు మాత్రమే చెయ్యలేదు. 2015 గుర్తుందా, అప్పట్లో ఫోన్ బ్రౌజర్‌లో ఫ్లిప్‌కార్ట్ తెరిస్తే వస్తువులు కనపడేవి కాదు, యాప్ వేసుకో అని అడిగేది. ఆ ఏడాది మార్చిలో వాళ్లు మొబైల్ సైట్ మూసేశారు. బట్టలమ్మే మింత్రా ఇంకో అడుగు ముందుకేసి మే 15 నుంచి మొత్తం వెబ్‌సైటే ఎత్తేసింది, కంప్యూటర్లో కూడా లేదు, కొనాలంటే యాప్ ఒక్కటే దారి. వాళ్ల లెక్క వాళ్లది, ఎక్కువమంది ఫోన్లోంచే కొంటున్నారు, యాప్ వేసుకున్నవాడు మళ్లీ మళ్లీ వస్తాడు, వాడు ఏం చూస్తున్నాడో ఏది వదిలేస్తున్నాడో బాగా తెలుస్తుంది, నోటిఫికేషన్ పంపి పిలవొచ్చు. ఆలోచన పైకి బాగానే ఉంది. కానీ ఏమైంది, అదే ఏడాది నవంబర్‌లో ఫ్లిప్‌కార్ట్ లైట్ అని కొత్త మొబైల్ సైట్‌తో ఫ్లిప్‌కార్ట్ వెనక్కి వచ్చింది, మింత్రా 2016 జూన్ 1న కంప్యూటర్ సైట్ మళ్లీ తెరిచింది. అన్ని డబ్బులూ అంతమంది ఇంజనీర్లూ ఉన్నవాళ్లే తలుపు మూసి ఏడాది అటూ ఇటూగా మళ్లీ తెరుచుకున్నారు.

ఆ ఫ్లిప్‌కార్ట్ లైట్ గురించి కొంచెం చెప్పాలి, నాకు చాలా నచ్చిన పని అది. ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అంటారు దాన్ని. ఉత్త వెబ్‌సైటే, కానీ సర్వీస్ వర్కర్ అని చిన్న కోడ్ ముక్క ఒకటి బ్రౌజర్‌లో ఉండిపోయి ఒకసారి చూసిన పేజీలు దాచి పెడుతుంది, అందుకని రెండోసారి తొందరగా తెరుచుకుంటుంది, సిగ్నల్ పోయినా ఖాళీ తెల్ల పేజీ రాదు. ఇష్టమైతే హోమ్ స్క్రీన్ మీద ఐకాన్ పెట్టుకోవచ్చు, స్టోర్‌కి వెళ్లక్కర్లేదు, అప్‌డేట్ గొడవ లేదు. అంతకుముందుతో పోలిస్తే జనం సైట్లో గడిపే టైమ్ మూడింతలైందని, డేటా ఖర్చు మూడో వంతుకి తగ్గిందని, ఐకాన్ పెట్టుకుని వచ్చినవాళ్లలో కొనేవాళ్లు 70 శాతం ఎక్కువని గూగుల్ వాళ్లు దాని మీద రాసిన కేస్ స్టడీలో ఉంది. ఇదంతా జియో రాకముందు సంగతి, జియో వచ్చింది 2016 సెప్టెంబర్‌లో. డేటా చవకైపోయాక ఇంక యాప్ ఎంత పెద్దదైతే ఏంటి అని చాలామంది అంటారు. డేటా చవకైంది కరెక్టే, కానీ ఫోన్లో చోటు చవక కాలేదు, ఆ కోడలి వేలు ఆగింది డేటా దగ్గర కాదు.

పాత కథ ఇంకోటి కూడా ఉంది. 2007లో ఐఫోన్ వచ్చినప్పుడు బయటివాళ్లు యాప్‌లు చేసే వీలే లేదు, వెబ్‌లో చేసుకోండి చాలు అన్నాడు స్టీవ్ జాబ్స్. ఏడాది తిరిగేసరికి, 2008 జూలైలో, 500 యాప్‌లతో యాప్ స్టోర్ తెరిచారు. ఫేస్‌బుక్ కూడా మొదట యాప్ లోపల వెబ్ పేజీలే పెట్టి నడిపింది, అది నత్తలా నడుస్తోందని 2012లో మొత్తం మార్చి ఫోన్ సొంత కోడ్‌తో రాసుకుంది, వెబ్‌ని అంత నమ్ముకోడం పెద్ద తప్పయిందని జుకర్‌బర్గే ఒప్పుకున్నాడు. కాబట్టి నేను యాప్ దండగ అని అనట్లేదు. రోజుకి ఇరవైసార్లు తెరిచేదానికి వెబ్ చాలలేదు, ఏడాదికి రెండుసార్లు కొనేదానికి యాప్ నిలబడలేదు, నాకు అర్థమైంది అంతే. మన కస్టమర్ నెలకి ఎన్నిసార్లు మన దగ్గరికి వస్తాడు, ఈ ఒక్క ప్రశ్న ముందు అడగండి, మిగతావన్నీ తర్వాత.

విజయనగరంలో మా ఫ్రెండ్ ఒకడున్నాడు, పాల వ్యాపారం, పొద్దున్న నాలుగున్నరకి పని మొదలు. వాడికి నేనే దగ్గరుండి యాప్ చేయించాను, ఆ పని చూసి ఇప్పటికీ సంతోషపడతాను. ఎందుకంటే అక్కడ లెక్క వేరు. కుర్రాళ్లు ఆరుగురు, ఒక్కొక్కడికీ తొంభై నుంచి నూట పది ఇళ్లు, కంటోన్మెంట్ వైపు ఒకడు, మూడు లాంతర్ల దగ్గర సందుల్లో ఒకడు, కోట వెనక ఒకడు. పాత పద్ధతిలో చిన్న నోటు పుస్తకం, రబ్బరు బ్యాండుతో కట్టిన పెన్ను, వానొస్తే పేజీలు అంటుకుపోయేవి, నెలాఖరుకి ప్రతి పది ఇళ్లల్లో ఒక ఇంట్లో గొడవ, మేము ఊరెళ్లాం కదా ఆ నాలుగు రోజులు పాలు వెయ్యలేదు కదా అని. ఇప్పుడు కుర్రాడి ఫోన్లో వాడి లిస్టు రాత్రే దిగిపోతుంది, సందులో సిగ్నల్ లేకపోయినా వేసిన ఇంటికి టిక్ కొట్టుకుంటూ వెళ్తాడు, మెయిన్ రోడ్డు ఎక్కగానే అదంతట అదే వెళ్లిపోతుంది. ఇళ్లవాళ్లు కూడా చాలామంది యాప్ వేసుకున్నారు, ఎవరూ బలవంతపెట్టలేదు, రేపు వద్దు అని రాత్రి పదిలోపు ఒక్కసారి నొక్కితే చాలు కదా, అది వాళ్లకి రోజూ పనికొస్తుంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో ఇంటినిండా చుట్టాలు ఉంటారు, ఆ నాలుగు రోజులూ ఒక్కో ఇల్లు రెండు లీటర్లు ఎక్కువ అడుగుతుంది, ముందు రోజే తెలిసిపోవడం వల్ల వాడికి పాలు చాలకపోవడం అనేది లేకుండా పోయింది. వేసుకోనివాళ్లు ఫోన్ చేస్తారు, వాళ్ల పేరు మీద వీడే నొక్కుతాడు. ఇలాంటి చోట యాప్ ఫోన్లో చోటు అడగడం న్యాయమే.

కొన్నిటికి ఇంకో దారి లేదు కూడా. యూపీఐ యాప్ మొదటిసారి పెట్టుకున్నప్పుడు దానంతట అదే మన సిమ్ నుంచి ఒక మెసేజ్ పంపుతుంది చూశారా, ఈ నంబర్ ఈ ఫోన్లోనే ఉంది అని బ్యాంకుకి రుజువు అది. ఆ పని బ్రౌజర్ వల్ల కాదు. ఆటో బుక్ చేసుకునే యాప్‌లు, తిండి తెచ్చిచ్చేవాళ్ల యాప్‌లు కూడా అంతే, డ్రైవర్ ఫోన్ జేబులో ఉన్నా సరే లొకేషన్ వెళ్తూనే ఉండాలి.

నోటిఫికేషన్ల మాట మాత్రం జాగ్రత్తగా వినండి, యాప్ అమ్మేవాళ్లు ఎక్కువగా దీన్నే చూపించి అమ్ముతారు. యాప్ వేసుకున్నాడంటే కస్టమర్ మీ చేతిలో ఉన్నట్టే, ఎప్పుడు కావాలంటే అప్పుడు పిలవొచ్చు అంటారు. ఇదివరకు అది నిజమే. 2022లో ఆండ్రాయిడ్ 13 వచ్చిన దగ్గర్నుంచి నోటిఫికేషన్ పంపమంటావా వద్దా అని ఫోనే ముందు అడుగుతుంది, జనం వద్దు నొక్కేస్తున్నారు, నేనూ నొక్కుతాను. ఇటుపక్క వెబ్‌సైట్ నుంచి నోటిఫికేషన్ పంపడం ఆండ్రాయిడ్ క్రోమ్‌లో 2015 నుంచే ఉంది, ఐఫోన్లో కూడా 2023 మార్చి నుంచి వచ్చింది, కాకపోతే సైట్‌ని హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుని ఉండాలి. అంటే ఆ తేడా మునుపంత పెద్దది కాదు.

డబ్బుల సంగతి. ప్లే స్టోర్‌లో అకౌంట్‌కి ఒకసారి 25 డాలర్లు, ఆపిల్‌కి ఏడాదికి 99 డాలర్లు, ఇది చిన్న ఖర్చే. 2023 నవంబర్ తర్వాత గూగుల్‌లో పర్సనల్ అకౌంట్ తెరిచినవాళ్లు యాప్ అందరికీ విడుదల చేసేముందు కొంతమంది టెస్టర్ల చేత వరసగా 14 రోజులు వాడించాలి, మొదట 20 మంది అన్నారు, తర్వాత 12కి తగ్గించారు. చాలామంది యాప్‌లో అమ్మితే గూగుల్ 30 శాతం పట్టుకుంటుందేమో అని భయపడతారు, అది డిజిటల్ సరుక్కి సంబంధించిన గొడవ, జీడిపప్పుకీ చీరలకీ కాదు. అసలు ఖర్చు తర్వాత వచ్చేది, ఏటేటా ఆ లెవెల్ మార్చడం, ఐఫోన్‌కి వేరే ఆండ్రాయిడ్‌కి వేరే చూసుకోడం, ఒక ధర మార్చాలన్నా ఎవరికో ఫోన్ చెయ్యడం. మావయ్య యాప్‌లో పోయినేడు దీపావళి రేటే ఇంకా కనపడుతోంది, కేజీకి ఎనభై రూపాయలు తక్కువ, ఆ రేటుకే ఇమ్మని ఒకాయన పట్టుబడితే ఇచ్చి పంపాడట. ఇచ్చిన మాట అని.

ఇంకోటి, వెతకడం. పొందూరు ఖాదీ గురించి విన్న ఒకావిడ హైదరాబాద్‌లో కూర్చుని గూగుల్‌లో పొందూరు ఖాదీ అని కొడుతుంది, పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారంట, ఎలా ఉంటుందో చూద్దాం అని. ఆవిడకి దొరికేది వెబ్ పేజీ. యాప్‌లో ఎంత మంచి ఫోటోలు పెట్టుకున్నా ఆవిడ వాటిని చూడదు, ఎందుకంటే అవి ఫోన్లో తాళం వేసిన పెట్టెలో ఉన్నట్టు. లింక్ అయితే వాట్సాప్‌లో చెల్లెలికి పంపుతుంది, చెల్లెలు ఆడపడుచుకి పంపుతుంది. మన దగ్గర వ్యాపారం నడిచేదే అలా కదా, ఒక నోటి నుంచి ఇంకో నోటికి. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో మన మిత్ర మొదలుపెట్టినప్పుడు నాకు అందుకే సంతోషం వేసింది, 161 సేవలు, అన్నీ వాట్సాప్‌లోనే, ఇంకో యాప్ వేసుకో అనలేదు. జనం ముందే ఎక్కడున్నారో అక్కడికే వెళ్లారు.

తిత్లీ తుఫాను రోజులు కూడా నా తలలో ఎప్పుడూ ఉంటాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి, మా అత్తయ్య పుట్టింటి తోట మొత్తం పోయింది, కరెంటు ఎన్నో రోజులు లేదు. ఫోన్లో ఒక గీత సిగ్నల్ వచ్చి పోయేది, ఆ ఒక్క నిమిషంలో ఏది తెరుచుకుంటే అదే మనకి ఉన్నట్టు. బరువు పేజీలు ఒక్కటీ తెరుచుకోలేదు. అప్పట్నుంచి నేను ఏ సైట్ చేసినా మొదటి పేజీ 300 కేబీ దాటనివ్వను, క్లయింట్ వాటంతట అవే జరిగే ఫోటోల స్లైడర్లు కావాలన్నా సరే ఒప్పుకోను.

మావయ్యకి మొత్తానికి సైటే చేశాను. పెద్దగా ఏం లేదు అందులో. తెలుగులో పేరు, ఇవాళ్టి రేటు, ఆ రేటు మా అత్తయ్య తన ఫోన్లోంచే మార్చుకుంటుంది, ప్రతి రకం కింద వాట్సాప్ బటన్. ఒక్క విషయం మీద మాత్రం రెండు రోజులు కూర్చున్నాం. వ్యాపారంలో పప్పుని నంబర్లతో పిలుస్తారు, డబ్ల్యూ 180, 240, 320 అని, ఒక పౌండుకి (దాదాపు 450 గ్రాములకి) సుమారుగా అన్ని పప్పులు తూగుతాయని అర్థం, అంటే నంబర్ తగ్గేకొద్దీ పప్పు పెద్దది. కొనేవాళ్లకి ఇది తిరగబడి అర్థమవుతుంది, 320 అంటే పెద్దది కాబోలు అనుకుంటారు. పాత యాప్‌లో ఆ నంబర్లే ఉన్నాయి, ఫోటో కూడా ఎక్కడో ఇంటర్నెట్‌లో తీసిందే, అన్నిటికీ ఒకటే ఫోటో. మేము అత్తయ్య అరచేతిలో ఐదేసి పప్పులు పెట్టి తీశాం. 180 ఐదు పెడితే అరచెయ్యి సగం నిండింది, 320 ఐదు పెడితే మధ్యలో చిన్న కుప్ప. పొద్దున్న వెలుతురులో, గుమ్మం దగ్గర, చేతికి ఉన్న ఎర్ర గాజులతో సహా. తర్వాత బద్దలు, ముక్కలు కూడా అలాగే. "నా సెయ్యి ఎంతమంది సూస్తారో" అని అత్తయ్య సిగ్గుపడింది కానీ ఇప్పుడు ఆర్డర్ పెట్టేవాళ్లు నంబర్ చెప్పట్లేదు, ఆ రెండో చేతిలో ఉన్నవి రెండు కేజీలు అని పెడుతున్నారు.

మావయ్యకి మనసులో ఇంకా యాప్ మీద ఆశ ఉంది, నాకు తెలుసు. "పెద్ద కొట్టోళ్లకి ఉంటాది, మనకి ఉండకపోతే ఎలగరా" అన్నాడు. ఉండకూడదని కాదు మావయ్యా, హోటళ్లవాళ్లు, స్వీట్ షాపులవాళ్లు వారం వారం సరుకు తీసుకునేవాళ్లు నీకు నలభై యాభై మంది అయ్యారనుకో, వాళ్ల బాకీలు, వాళ్ల రేట్లు వేరే కదా, అప్పుడు వాళ్లవరకు ఒక యాప్ చేద్దాం, నేనే చేస్తాను అన్నాను. ఆ మాట ఆయన గట్టిగానే పట్టుకున్నాడు, అప్పుడే పన్నెండు పేర్లు ఒక కాగితం మీద రాసి గల్లాపెట్టెలో పెట్టుకున్నాడు.

కౌంటర్ మీద పాత స్టిక్కర్ గోరుతో గీకితే సగమే ఊడింది, దాని మీదే కొత్తది అంటించాం. బరంపురం ఆవిడ సంక్రాంతి అయ్యాక నిజంగానే మెసేజ్ పెట్టింది, మూడు కేజీలు, వాళ్ల పక్కింటివాళ్లకి ఇంకో కేజీ. ఆ పక్కింటివాళ్లకి తెలుగు చదవడం రాదట, సైట్ ఒడియాలో ఉంటే బాగుండు అన్నారట. పర్లాకిమిడి నుంచీ బరంపురం నుంచీ అంతమంది వస్తుంటే ఇన్నాళ్లూ నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆ పేజీ రాసి పెట్టాను, ఇచ్ఛాపురంలో మాకు తెలిసిన ఒక మాస్టారు ఉన్నారు, ఆయన చేత చదివించి తప్పులు దిద్దించుకోడానికి వచ్చే ఆదివారం వెళ్తున్నాను.